ముప్పై ఒకటో తారీఖు రాత్రి

నా జీవితంలో పని ఎక్కువ చేసినందుకు తిట్లు తిన్నది ఒకే ఒక్కసారి. 1986 జులైలో, అప్పటి సోవియట్ యూనియన్‌లో, తూర్పు ఉక్రెయిన్‌లోని ఒక పంపుల ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీ పేరూ ఊరి పేరూ రాయను. అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండి ఉంటారు, పైగా ఈ కథ ఆ ఒక్క ఫ్యాక్టరీది కానే కాదు.

చిన్నప్పుడు మా ఇంటికి సోవియట్ వాళ్ళ తెలుగు పత్రిక ఒకటి వచ్చేది. నున్నటి కాగితం, రంగుల ఫోటోలు. మేం చదివింది తక్కువ, స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకున్నది ఎక్కువ. నా లెక్కల పుస్తకం మీద ఏడాది పొడుగునా ఒక ట్రాక్టర్ డ్రైవరమ్మ నవ్వుతూ ఉండేది. స్కాలర్‌షిప్ వచ్చి 1983లో ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్‌కి మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి విమానం ఎక్కినప్పుడు నా బుర్రలో ఉన్న దేశం ఆ అట్ట మీది దేశమే.

అబద్ధం ఎందుకు చెప్పాలి, మాకు ఏ లోటూ చెయ్యలేదు. నెలకి 90 రూబుళ్ళు స్టైపెండ్, హాస్టల్, పుస్తకాలు, ఏ మూలకి వెళ్ళినా 5 కోపెక్కుల మెట్రో. మొదటి ఏడాదంతా రష్యన్ భాష నేర్పారు. మాకు చెప్పిన ప్రొఫెసర్ల లాంటి వాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. అందుకే, ఇంత బాగా నేర్పే దేశంలో పని అలా ఎందుకు జరిగేదో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

వేసవిలో ఫ్యాక్టరీకి పంపేవాళ్ళు, దాన్ని ప్రాక్తికా అంటారు. నన్ను మెషిన్ షాపులో ఒక పెద్దాయన చేతికింద పెట్టారు. అక్కడ పెద్దవాళ్ళని పేరూ తండ్రి పేరూ కలిపి పిలవాలి, నాకు నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది. ఆయన మాత్రం నన్ను 'సినోక్' అనేవాడు, మనం 'నాయనా' అన్నట్టు. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. యుద్ధం రోజుల్లో పదమూడేళ్ళకే, చెయ్యి అందక చెక్కపెట్టె మీద నిలబడి లేత్, అంటే ఇనుముని తిప్పుతూ కోసే మిషన్, నడిపాడట. కటింగ్ టూల్‌ని సాన రాయి మీద పట్టి, కంటి కొలతతోనే కోణం తెచ్చేవాడు, నేను ప్రొట్రాక్టర్ పెట్టి చూస్తే ఎప్పుడూ తేడా రాలేదు.

పంపు షాఫ్టులు, అంటే లోపల తిరిగే ఇరుసులు, టర్నింగ్ చెయ్యడం మా పని. షిఫ్టుకి 22 చెయ్యాలని నార్మ్. ఆయన రోజుకి 23 చేసేవాడు. సోమవారం 23, మంగళవారం 23, తల నొప్పిగా ఉన్న రోజు కూడా 23. మూడో వారంలో ఆయన ఏదో పని మీద ఆఫీసుకి వెళ్తే లేత్ నా ఒక్కడికే దొరికింది. ఆయన సాన పెట్టిన టూలే, ఫీడ్, అంటే టూల్ ముందుకి జరిగే వేగం, కాస్త పెంచాను, ఉత్సాహంగా కోసేశాను. ఆయన తిరిగొచ్చేసరికి ట్రేలో 31 ఉన్నాయి.

మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన వచ్చి ముందు మెషిన్ ఆపేశాడు. ఒక షాఫ్ట్ తీసి మైక్రోమీటర్ పెట్టి చూశాడు, కొలత సరిగ్గా ఉంది, దాంతో కోపం ఇంకా పెరిగింది. అటూ ఇటూ చూసి తొమ్మిది షాఫ్టులు గుడ్డలో చుట్టి తన ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఎవరైనా చూశారా?" అన్నాడు. దొంగతనం చేసినవాణ్ణి అడిగినట్టు.

తర్వాత పొగతాగే గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. ఇవాళ 31 చేస్తే రేపు నార్మ్‌లు రాసే ఆవిడ స్టాప్‌వాచ్ పట్టుకుని వస్తుంది. వచ్చే నెల నుంచి నార్మ్ 30. ఒక్కో షాఫ్టుకి ఇచ్చే డబ్బు తగ్గిస్తారు, అంటే అదే జీతానికి ఎనిమిది షాఫ్టులు ఎక్కువ. నాకే కాదు, బ్రిగేడ్ మొత్తానికి, అంటే కలిసి పనిచేసే మా జట్టు అంతటికీ. నువ్వు ఆగస్టులో వెళ్ళిపోతావు సినోక్, మేం ఇక్కడే ఉంటాం.

అక్కడికి తూర్పున దొన్‌బాస్ బొగ్గు గనులు. 1935 ఆగస్టు 30 రాత్రి షిఫ్టులో స్తఖానోవ్ అనే గని కార్మికుడు 102 టన్నుల బొగ్గు తవ్వాడు, నార్మ్ 7 టన్నులు. దేశమంతా మోగిపోయింది, 1978లో ఒక ఊరికి ఆయన పేరే పెట్టారు. గని కప్పు కూలిపోకుండా దుంగలు నిలబెట్టడానికి వెనకాల వేరే మనుషులు ఉన్నారన్నది అంతగా మోగలేదు. మరుసటి ఏడాది, 1936లో, చాలా పరిశ్రమల్లో నార్మ్‌లు పెంచారు. మా పత్రికలో స్తఖానోవ్ గురించి నేను చదివాను. నార్మ్‌లు పెంచిన సంగతి మాత్రం పెద్దాయన చెప్తేనే తెలిసింది. ఆయన దాన్ని పుస్తకంలో చదవలేదు, వాళ్ళ నాన్న నోట విన్నాడు.

ఆ తొమ్మిది షాఫ్టులు నా బుర్రలో ఉండిపోయాయి. ఎందుకంటే తర్వాత తర్వాత తెలిసింది, ఫ్యాక్టరీ డైరెక్టరూ అదే చేస్తాడు. మంత్రిత్వ శాఖ ఇచ్చిన ప్లాన్‌ని 101 శాతమో 102 శాతమో పూర్తి చేస్తాడు, 120 చచ్చినా చెయ్యడు, ఎందుకంటే వచ్చే ఏడాది ప్లాన్‌ని ఈ ఏడాది చేసినదాని మీదే కడతారు. 99 శాతం చేస్తే బోనస్ పోతుంది, 120 చేస్తే వచ్చే ఏడాది పోతుంది. శాఖ వాళ్ళు గోస్‌ప్లాన్ ముందు, అంటే 1921లో పుట్టిన ఆ పెద్ద ప్రణాళికా సంఘం ముందు, ఇదే నాటకం ఆడతారు. కింద లేత్ దగ్గర నుంచి పైన మాస్కో దాకా ప్రతివాడి బీరువాలోనూ గుడ్డలో చుట్టిన తొమ్మిది షాఫ్టులు ఉన్నాయన్నమాట. మరి మాస్కోలో కూర్చుని దేశంలో ఎంత తయారు చెయ్యగలరో లెక్క కట్టేవాడికి నిజం ఎలా తెలుస్తుంది?

ఇంకో విచిత్రం పంపు కేసింగ్, అంటే పంపు బయటి ఇనప డొల్ల. క్లాసులో నేర్చుకున్న ఫార్ములాతో గోడ మందం లెక్క కడితే నాకు 8 మిల్లీమీటర్లు వచ్చింది. ఫ్యాక్టరీలో పోత పోసినది 14కి దగ్గర. నా లెక్క తప్పేమోనని మూడుసార్లు చేసి, సిగ్గుపడుతూ డిజైన్ సెక్షన్‌లో ఒకాయన్ని అడిగాను. ఆయన నవ్వి, "నీ లెక్క కరెక్టే. ప్లాన్ టన్నుల్లో ఉంది" అన్నాడు. అంతే వివరణ. పల్చగా చేస్తే ఇనుము మిగులుతుంది, టన్నులు తగ్గుతాయి, ప్లాన్ తప్పుతుంది. ఈ రోగం కొత్తదేం కాదు, షాండ్లియర్ల ప్లాన్ టన్నుల్లో ఉండబట్టి ఇళ్ళలో కప్పులు కూలేంత బరువైన షాండ్లియర్లు చేస్తున్నారని అప్పటి దేశాధినేత క్రుశ్చేవ్ 1959లోనే బహిరంగంగా ఎగతాళి చేశాడు. 1965లో ప్రధాని కొసీగిన్ లెక్క మారుద్దామని చూశాడు. 1986లో మా కేసింగ్ మాత్రం 14 మిల్లీమీటర్లే. ఆ పంపుని ఎత్తి లారీలో పెట్టడానికి నలుగురు కావాలి, పొలంలో దింపుకోవడానికి ఇంకో నలుగురు.

ఇక నెల ఎలా గడిచేదో చెప్పాలి. అక్కడ నెలని మూడు పది రోజులుగా చూసేవాళ్ళు, దానికి ఒక సామెత కూడా ఉంది: మొదటి పది రోజులు నిద్ర, రెండో పది రోజులు ఊగులాట, మూడో పది రోజులు జ్వరం. బేరింగులు వేరే ఊరి నుంచి రావాలి. ఎవరికి ఏ సరుకు ఎంతో గోస్‌స్నాబ్ అనే సరఫరా సంఘం కాగితం మీద ముందే రాసేస్తుంది. కాగితం వస్తుంది, బేరింగులు రావు. వాళ్ళూ మూడో పది రోజుల్లోనే చేస్తారు కాబట్టి. ఈలోగా అసెంబ్లీ షాపులో ఏం పని? డామినో ఆడతారు. బల్ల మీద పలకలు కొట్టే చప్పుడు మిషన్ల చప్పుడు కంటే ఎక్కువ వినపడే రోజులుండేవి. ఫోర్‌మాన్ చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవాడు, పాపం ఆయన మాత్రం ఏం ఇచ్చి పని చెయ్యమంటాడు.

బేరింగులు తెప్పించడానికి ఫ్యాక్టరీకి ఒక మనిషి ఉండేవాడు. అలాంటివాణ్ణి తోల్కాచ్ అంటారు, తోసేవాడు అని అర్థం. జీతాల పట్టీలో ఇంకేదో ఉద్యోగం రాసి ఉంటుంది. కాన్యాక్ సీసాలూ మంచి సాసేజీ సూట్‌కేసులో పెట్టుకుని రైలెక్కి బేరింగుల ఊరికి వెళ్ళి అక్కడే మకాం వేసేవాడు. 1985 మేలో గోర్బచేవ్ మందు మీద ఆంక్షలు పెట్టాక ఆయన ఉద్యోగం చాలా కష్టమైపోయిందని షాపులో అందరూ జాలిపడేవాళ్ళు. నా ఉద్దేశంలో ఆ ఫ్యాక్టరీలో నిజంగా ఒత్తిడి పడుతూ పనిచేసింది ఆయనొక్కడే.

ఆ నెల బేరింగులు 29న సాయంత్రం వచ్చాయి.

31 రాత్రి నేను చూసింది మాటల్లో పెట్టడం కష్టం. మూడు షిఫ్టుల వాళ్ళూ ఒకేసారి షాపులో ఉన్నారు. అకౌంట్స్ ఆడవాళ్ళని కూడా పిలిచారు, ఒకావిడ లిప్‌స్టిక్ వేసుకుని, ఆఫీసు గౌను మీద ఏప్రాన్ కట్టుకుని చెక్కపెట్టెలకి మేకులు కొడుతోంది. అతుకుల్లోంచి నీళ్ళు కారకుండా పెట్టే గాస్కెట్లు అయిపోతే ఎవరో అట్టపెట్టె చింపి కత్తెరతో గుండ్రంగా కోశారు. మరలు బిగించే టైమ్ లేక సుత్తితో ఒక దెబ్బ వేసి, చివర మాత్రం ఒక చుట్టు తిప్పేవాళ్ళు, పైకి బిగించినట్టే కనపడుతుంది. రంగు ఆరకముందే పెట్టెలో పెట్టేస్తున్నారు, నా అరచేతుల నిండా పచ్చరంగు, వారం దాకా పోలేదు. నాణ్యత చూసే ఆవిడ ఒక మూల స్టూలు మీద కూర్చుని, పంపు వైపు చూడకుండా కాగితాల మీద ముద్రలు వేస్తూనే ఉంది. ఆవిడదీ అదే ఫ్యాక్టరీ జీతం, ప్లాన్ తప్పితే ఆవిడ బోనస్ కూడా పోతుంది.

పన్నెండుకి ఇరవై నిమిషాలు ఉందనగా లెక్క చూస్తే ఇంకా 14 పంపులు తక్కువ. ఇంపెల్లర్లు, అంటే లోపల తిరిగి నీళ్ళని తోసే చక్రాలు, లేవు. ఫోర్‌మాన్ ఒక్క క్షణం ఆలోచించాడు, ఆ ఆలోచన కూడా ఏదో అలవాటు ప్రకారం ఆలోచించినట్టే ఉంది. లోపల ఇంపెల్లర్ లేకుండానే 14 పంపులు మూసి, పెట్టెల్లో పెట్టి, నంబర్లు వేసి, గోడౌన్‌కి చేరినట్టు రాసేశారు. ప్లాన్ 100.4 శాతం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ ట్రామ్ దగ్గరికి నడిచాం.

ఆ 14 పెట్టెలూ ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ వెనక్కి తెచ్చి, మేకులు పీకి, ఇంపెల్లర్లు పెట్టారు. అంటే ఆగస్టు మొదలయ్యేసరికే ఆగస్టు పనిలోంచి 14 పంపులు జులై తినేసింది. నెలాఖరుకి ఆగస్టు వెళ్ళి సెప్టెంబర్‌ని తింటుంది.

ఇది అందరికీ తెలుసు, అదీ అసలు వింత. ఆ తర్వాత హాస్టల్‌కి ఇస్త్రీపెట్టె కొనడానికి మా రూమ్మేట్‌తో షాపుకి వెళ్తే, వాడు ముందు పెట్టెలోని చిన్న పుస్తకం తీసి తయారైన తేదీ చూశాడు. 28. పక్కన పెట్టేశాడు. ఇంకోటి, 30. అదీ పక్కన పెట్టాడు. అమ్మే ఆవిడ విసుక్కుని తనే వెతికి 12వ తేదీది తీసిచ్చింది. ఆ ఇస్త్రీపెట్టె నేను తిరిగి వచ్చేదాకా పనిచేసింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది. అప్పుడు మాకేం తెలియదు, మే డే ఊరేగింపుకి కూడా వెళ్ళాం. చాలా ఏళ్ళ తర్వాత చదివాను: నాలుగో రియాక్టర్ పూర్తయిందని కాగితాల మీద సంతకాలు పెట్టింది 1983 డిసెంబర్ 31న, టర్బైన్‌కి సంబంధించిన ఒక భద్రతా పరీక్ష ఇంకా మిగిలి ఉండగానే. 1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక వాళ్ళు చేస్తున్నది మిగిలిపోయిన ఆ పరీక్షే. ఆ తేదీ చదవగానే నాకు స్టూలు మీద కూర్చుని ముద్రలు వేసిన ఆవిడ గుర్తొచ్చింది. చాలాసేపు ఇంకేం చదవలేకపోయాను.

వాళ్ళు సోమరులని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. 'వాళ్ళు జీతం ఇస్తున్నట్టు నటిస్తారు, మేం పని చేస్తున్నట్టు నటిస్తాం' అన్న జోకు అందరూ చెప్తారు. పెద్దాయనకి ఆ జోకు నచ్చేది కాదు. "ఎవడు నటిస్తున్నాడు? ఎనిమిది గంటలు నిలబడితే కాళ్ళు నిజంగానే నొప్పెడతాయి" అనేవాడు.

జీతం లేక కాదు. ఆ రోజుల్లో సగటు జీతం నెలకి 190 రూబుళ్ళ పైచిలుకు, ఆయనకి ఇంకా ఎక్కువే వచ్చేది. కొనడానికి ఏముంది? కొట్టుకి మాంసం వచ్చిందని ఎవరో అంటే మా మెషిన్ షాపులో సగం మంది ఆడవాళ్ళు పని మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళు, సాయంత్రం దాకా ఆగితే క్యూ తప్ప ఏమీ మిగలదు మరి. మేం వెళ్ళకముందు, 1983 మొదట్లో, అంద్రోపోవ్ హయాంలో పోలీసులు పట్టపగలు సినిమా హాళ్ళలోనూ స్నానశాలల్లోనూ దూరి, పని వేళలో ఇక్కడేం చేస్తున్నారని జనాన్ని పట్టుకున్నారట. కొన్ని నెలలే నడిచింది. ఆ మాట వచ్చినప్పుడు పెద్దాయన, "అది పిల్లలాట. 1940లో చట్టం తెచ్చారు, 20 నిమిషాలు ఆలస్యంగా వస్తే కోర్టుకి ఈడ్చేవాళ్ళు. 1956లో అది తీసేశారు, మంచిదే. అప్పటిదాకా భయంతో పని చేశాం. భయం తీసేశాక దాని చోట్లో ఏం పెట్టారో చెప్పు చూద్దాం" అన్నాడు. గేటు దగ్గర గౌరవ ఫలకం మీద ఆయన ఫోటో ఉండేది. దాని మీద వర్షం నీళ్ళు దిగి ఒక చెవి చెరిగిపోయింది, రెండు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా అటు చూడటం నేను చూడలేదు.

ఒక ఆదివారం తన తోటకి తీసుకెళ్ళాడు. ఊరి బయట చిన్న చెక్క ఇల్లు, దోసపాదులు, టమాటాలు, రెండు ఆపిల్ చెట్లు. వెనకాల బావి మీద ఒక పంపు నడుస్తోంది. దగ్గరికి వెళ్ళేదాకా నడుస్తోందని నాకు తెలియలేదు, చప్పుడే లేదు. కేసింగ్ మీద చెయ్యి పెడితే వణుకు లేదు. మా ఫ్యాక్టరీ పంపే, కానీ సగం బరువు. వద్దని పారేసిన పోతని తెచ్చుకుని, లేత్ మీద గోడలు పల్చగా చేసి, ఇంపెల్లర్ బాలెన్స్ చేసి, చేత్తో కట్టుకున్నాడు. మందం ఎంత పెట్టారని అడిగాను. తొమ్మిది అన్నాడు. నా ఎనిమిదికి ఒకటి ఎక్కువ, "నీ పుస్తకానికి తెలియని ఇసుక మా బావిలో ఉంది" అని నవ్వాడు.

ఇదే ఫ్యాక్టరీలో చెయ్యొచ్చు కదా అన్నాను, ఇరవై రెండేళ్ళ తెలివితో. చెప్పాడు. పదేళ్ళ కిందట డ్రాయింగుతో సహా కాగితం పెట్టాడట, కార్మికులు ఇచ్చే సలహాలకి ఒక పద్ధతి ఉంది, బహుమతి కూడా ఉంది. సర్టిఫికెట్ ఇచ్చారు, పది రూబుళ్ళు ఇచ్చారు, ఫోటో తీశారు. చెవి చెరిగిపోయిన ఫోటో అదే. డ్రాయింగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మరుసటి వేసవిలో మళ్ళీ వెళ్ళాను. 1987 జనవరి నుంచి దాదాపు 1500 ఫ్యాక్టరీల్లో గోస్‌ప్రియోమ్‌కా అని బయటి ఇన్‌స్పెక్టర్లని పెట్టారు, మా ఫ్యాక్టరీకీ వచ్చారు. వాళ్ళు ముద్ర వెయ్యకపోతే లెక్కలోకి రాదు. యార్డు నిండా తిరగ్గొట్టిన పంపులు, బోనస్ లేదు, జనం ఇన్‌స్పెక్టర్ల మీద పళ్ళు నూరుతున్నారు. పోత బాగోలేదు, బేరింగు ఆలస్యంగా వస్తుంది, కోత మాత్రం మా జీతంలోనా అని. అందులో న్యాయం లేకపోలేదు. కేసింగ్ 14 మిల్లీమీటర్లే. 1989 జులైలో, నేను వచ్చేసే ముందు, సైబీరియాలోని కుజ్‌బాస్‌లో గని కార్మికులు సమ్మెకి దిగినట్టు టీవీలో చూశాం. వాళ్ళ కోరికల్లో సబ్బు కూడా ఉంది. బొగ్గు గనిలోంచి పైకొచ్చినవాడికి ఒళ్ళు కడుక్కోడానికి సబ్బు.

కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది 1986 ఆగస్టు మొదటి వారమే, నిద్రపోయే పది రోజులు. బేరింగులు లేవు, పని లేదు. చిన్నప్పుడు ఏం ఆడుకునేవాళ్ళు అని పెద్దాయన అడిగితే బొంగరం గురించి చెప్పాను. తాడు ఎలా చుట్టాలో, ఎలా విసిరి లాగాలో గాల్లో చూపించాను. అర్థం కాలేదు, కాగితం మీద బొమ్మ గీయమన్నాడు. గీశాను. పెన్సిల్ తీసుకుని మొన దగ్గర కోణం దిద్దాడు. పనికిరాని ఇత్తడి బుష్ ఒకటి లేత్‌కి బిగించి, గంటన్నర ఎవరితోనూ మాట్లాడకుండా దాని మీద వంగిపోయాడు. గాడులు కూడా పెట్టాడు, తాడు జారకుండా. మొనకి స్టీలు ముక్క. మైక్రోమీటర్ పెట్టి చూసి, నచ్చక, మళ్ళీ బిగించి ఇంకో పొర తీశాడు.

సాయంత్రం గేటు దగ్గర సంచులు చూస్తారు, జనం సామాను పట్టుకుపోకుండా. బొంగరాన్ని ఆయన తన టీ ఫ్లాస్కులో వేసుకున్నాడు. కాపలా ఆవిడ ఫ్లాస్కు ఊపి చూసింది, గలగలమంది. మూత తీసి బయటికి తీసి, ఇదేమిటంది. ఆయన నా వైపు చూశాడు. నా దగ్గర నైలాన్ తాడు ఉంది, చుట్టి, ఆవిడ రిజిస్టరు పక్కకి జరిపి బల్ల మీద వదిలాను. అది అక్కడే ఒక చోట నిలబడి, కదలనట్టే తిరుగుతూ ఉండిపోయింది. వెనకాల క్యూ ఆగిపోయింది, ఎవరూ తోసుకోలేదు. అది పక్కకి ఒరిగేదాకా చూసి ఆవిడ పెద్దాయనతో, "నాకు ఇద్దరు మనవలు" అంది.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆయన నాకంటే ముందే వచ్చి లేత్ దగ్గర నిలబడి ఉన్నాడు, బ్రిగేడ్‌లో ముగ్గురు ఇత్తడి ముక్కలు పట్టుకుని పక్కనే ఉన్నారు. ఆ బొమ్మ ఇంకోసారి సరిగ్గా, కొలతలు వేసి గీసివ్వమన్నాడు.